తరతరాల దుఃఖం, ఇప్పటి ఆరోగ్యం: లకోటా పరిశోధకురాలు బ్రేవ్ హార్ట్ పని మీద తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా ఆదివాసుల ఆరోగ్యం గురించి మాట వచ్చినప్పుడల్లా మనవాళ్ల దగ్గర నుంచి దాదాపు ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. కొన్ని కుతూహలంతో, కొన్ని అనుమానంతో, కొన్ని కాస్త చిరాకుతో. "నూట ముప్పై ఏళ్ల కిందటి సంగతికీ ఇప్పటి షుగర్ జబ్బుకీ ఏమిటండీ సంబంధం?" అన్నది చిరాకు ప్రశ్నల్లో మొదటిది. దానికి జవాబు ఉంది, కానీ ముందు మరికొన్ని విషయాలు తెలియాలి.

ఎవరీ బ్రేవ్ హార్ట్?

పూర్తి పేరు మరియా ఎల్లో హార్స్ బ్రేవ్ హార్ట్. అమెరికా ఆదివాసుల్లో లకోటా అనే జాతి మనిషి. అందులో హంక్‌పాపా, ఓగ్లాలా శాఖలకు చెందినవారు. వృత్తి సోషల్ వర్క్. 1995లో స్మిత్ కాలేజీ నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. డెన్వర్, కొలంబియా, న్యూ మెక్సికో యూనివర్సిటీల్లో పనిచేశారు. అయితే ఆమె ఆలోచన క్లాసురూములో పుట్టింది కాదు. తనవాళ్ల మధ్య కౌన్సెలింగ్ చేస్తూ, ఎదుటి మనిషి దిగులుకు మూలం వెతుక్కుంటూ పోతే అది ఆ మనిషి జీవితంతో ఆగడం లేదని 1980ల్లో గమనించారు. తల్లి దగ్గరా ఆగలేదు, అమ్మమ్మ దగ్గరా ఆగలేదు. 1992లో కొందరితో కలిసి టకీని నెట్‌వర్క్ అనే బృందం పెట్టారు. "టకీని" అంటే లకోటా భాషలో చావు దాకా పోయి తిరిగి బతికిన మనిషి.

"తరతరాల గాయం" అంటే ఏమిటి?

ఒక జనం మొత్తానికి తగిలిన పెద్ద దెబ్బల వల్ల మనసుకు కలిగే గాయం. అది ఒక జీవితకాలంలో పోగవుతుంది, ఒక తరం నుంచి ఇంకో తరానికి కూడా పోగవుతూ వస్తుంది. ఆమె ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇదే. ఇందులో అసలు మాట "పోగవడం". ఒక ప్రమాదం జరిగితే ఆ భయం కొన్నాళ్లకు తగ్గుతుంది. ఇక్కడ ఒక దెబ్బ మానేలోపు ఇంకోటి పడింది: యుద్ధం, భూమి పోవడం, కరువు, పిల్లల్ని లాక్కుపోవడం, భాష పోవడం. దీన్ని తెలుగులో "చారిత్రక గాయం" అనీ రాస్తున్నారు. నాకు ఆ మాట కాస్త పుస్తకాల వాసన వేస్తుంది, అందుకే "తరతరాల గాయం" అంటున్నాను.

వాళ్లను "రెడ్ ఇండియన్స్" అనొచ్చా?

మనం చిన్నప్పటి నుంచి అలవాటుగా అనేస్తాం గానీ వద్దు. తెగ పేరు తెలిస్తే ఆ పేరుతో పిలవడం అన్నిటికన్నా మంచిది: లకోటా, నవాహో, చోక్టా. ఇంకో చిక్కు కూడా ఉంది. వాళ్ల గురించి చదివేటప్పుడు "రిజర్వేషన్" అన్న మాట తగలగానే మనకు సీట్లు, ఉద్యోగాలు, కోటా గుర్తొస్తాయి. అక్కడ రిజర్వేషన్ అంటే ఒప్పందాల తర్వాత ఆ తెగకు మిగిల్చిన నేల. ఇది తెలియక "వాళ్లకు కూడా రిజర్వేషన్లు ఉన్నాయిగా, ఇంకేం బాధ?" అని అడిగినవాళ్లు ఉన్నారు.

ఆమె కొత్తగా చెప్పిందేమిటి? అన్యాయం జరిగిందని అందరికీ తెలిసిందేగా?

అన్యాయం సంగతి కొత్తది కాదు. నాజీల శిబిరాల నుంచి బయటపడిన యూదుల పిల్లల మీద 1960ల నుంచే పరిశోధనలు ఉన్నాయి. ఆమె వాటిని చదివారు, ఆ దారిలోనే మొదలుపెట్టారు. కానీ లకోటాల విషయంలో ఆమె ఇంకో ప్రశ్న అడిగారు. ఇంతమంది పోయారు కదా, మరి వీళ్లు ఎప్పుడైనా ఏడ్చారా? ఏడవనిచ్చారా?

ఈ ప్రశ్న బరువు తెలియాలంటే 1890లో ఏం జరిగిందో చూడాలి. ఆ ఏడాది డిసెంబరు 15న లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్‌ను అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసులు కాల్చి చంపారు. డిసెంబరు 29న సౌత్ డకోటాలో, వూండెడ్ నీ అనే వాగు పక్కన, జబ్బుతో మంచం పట్టిన బిగ్ ఫుట్ అనే పెద్దాయన వెంట ఉన్న జనం మీద అమెరికా సైన్యం 7వ అశ్వికదళం కాల్పులు జరిపింది. చనిపోయినవారు 150 నుంచి 300 దాకా ఉంటారని అంచనా. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు చాలామంది. మంచు తుఫాను వచ్చి వెళ్లాక, గడ్డకట్టిపోయిన 146 శవాలను ఒకే గుంతలో పూడ్చారు. కాల్పులు జరిపిన సైనికుల్లో సుమారు 20 మందికి సైన్యంలో అన్నిటికన్నా పెద్ద పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.

ఇక ఏడుపు సంగతి. లకోటాలలో మనిషి పోతే జుట్టు కత్తిరించుకుంటారు. పోయినవారి జుట్టులోంచి ఒక పాయ తీసి, మూటగట్టి, ఆ ఆత్మను ఇంట్లో ఒక ఏడాది పాటు కాపాడి, తర్వాత పెద్ద కార్యం చేసి సాగనంపుతారు. 1883లో వచ్చిన ప్రభుత్వ నియమాలు ఆదివాసుల క్రతువులు చాలావాటిని నేరాలుగా ప్రకటించాయి. ఈ ఆత్మను కాపాడే ఆచారాన్ని కూడా 1890లో నిషేధించారు. అంటే సరిగ్గా ఊచకోత జరిగిన ఏడాదే. 1934లో ఈ పట్టు సడలింది. చట్టం రూపంలో మతస్వేచ్ఛకు హామీ రావడానికి 1978 దాకా పట్టింది.

కోవిడ్ రోజుల్లో అయినవాళ్ల చివరిచూపు దక్కనివాళ్లు మన ఊళ్లలో ఎందరో. పదకొండో రోజు సరిగ్గా జరగలేదని ఇప్పటికీ కుమిలిపోయేవాళ్లు నాకు తెలుసు. ఒక జనానికి జనమే అలా, రెండు మూడు తరాల పాటు ఉండిపోవడం ఊహించుకోండి. బ్రేవ్ హార్ట్ దీన్ని "తీరని చారిత్రక దుఃఖం" అన్నారు. దెబ్బ ఎంత ముఖ్యమో, ఆ దెబ్బకు ఏడ్చే హక్కు పోవడం కూడా అంతే ముఖ్యమన్నది ఆమె మాట. ఆమె పని మొత్తంలో నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించేది ఇదే.

ఆ బోర్డింగ్ స్కూళ్లు మన హాస్టల్ చదువుల్లాంటివే కదా?

కావు. అయితే ఈ ప్రశ్న ఎందుకు వస్తుందో అర్థమవుతుంది. మనలో సగం మంది హాస్టళ్లలో ఏడ్చి పెరిగినవాళ్లమే. కానీ మనల్ని పంపింది మన అమ్మానాన్నలు. దసరాకు, సంక్రాంతికి ఇంటికొచ్చాం. ఇంటికొస్తే అమ్మతో తెలుగులోనే మాట్లాడాం.

1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో, పాత సైనిక బ్యారక్‌లలో, రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి ఒక బడి పెట్టాడు. అంతకుముందు ఆయన ఫ్లోరిడాలో ఆదివాసీ ఖైదీల మీద కాపలా అధికారిగా చేశాడు. ఆ అనుభవంతోనే బడి. మనిషిలోని ఇండియన్‌ను చంపి మనిషిని కాపాడాలి అని 1892లో ఒక సభలో ఆయనే చెప్పాడు. పిల్లలు రాగానే చేసిన మొదటి పని జుట్టు కత్తిరించడం. పైన చెప్పాను కదా, వాళ్లలో జుట్టు తీసేది మనిషి పోయినప్పుడు. మన దగ్గర తండ్రి పోతే కొడుకు గుండు చేయించుకుంటాడు. అలాంటిది, ఇంట్లో అందరూ బాగుండగానే పరాయి మనుషులు పట్టుకుని గుండు గీస్తే ఆ పిల్లాడు ఏమనుకోవాలి? ఆ పిల్లలు ఎవరో చచ్చిపోయారన్నట్టు గోలున ఏడ్చారని నాటి విద్యార్థుల జ్ఞాపకాల్లోనే ఉంది.

తర్వాత పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే కొట్టారు. లెక్క కావాలంటే: అమెరికా హోం వ్యవహారాలతో సంబంధం లేని, భూములూ ఆదివాసీ వ్యవహారాలూ చూసే ఇంటీరియర్ శాఖ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1819 నుంచి 1969 మధ్య ప్రభుత్వం నడిపిన, లేదా డబ్బిచ్చి నడిపించిన ఇలాంటి బడులు 417. కనీసం 973 మంది పిల్లలు వాటిలో చనిపోయారు. ఈ విచారణకు ఆదేశించిన అప్పటి మంత్రి డెబ్ హాలండ్ స్వయంగా లగూనా ప్వేబ్లో ఆదివాసి.

ఆరోగ్యానికీ దీనికీ లంకె ఎక్కడంటే, పెంపకంలో. ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా గంట కొడితే లేచి, గంట కొడితే తిని, తప్పు చేస్తే బెల్టు దెబ్బ తిన్న పిల్ల రేపు తల్లి అయితే బిడ్డను ఎలా పెంచాలో ఎవరిని చూసి నేర్చుకుంటుంది? లకోటా భాషలో పిల్లలను పిలిచే "వకన్‌యెజ" అన్న మాటలోనే పవిత్రమైనది అన్న అర్థం ఉంది. పిల్లల్ని కొట్టడం ఆ సంస్కృతిలో లేదు. కొట్టడం బడి నేర్పింది. అందుకే బ్రేవ్ హార్ట్ తర్వాత చేసిన పనిలో ఒక పెద్ద భాగం తల్లిదండ్రులతోనే: బడికి ముందు మనవాళ్లు పిల్లల్ని ఎలా పెంచారో గుర్తు చేసుకోవడం, మళ్లీ అలవాటు చేసుకోవడం. ఒక తరం బాధ ఇంకో తరానికి ఎలా వెళ్తుందన్న ప్రశ్నకు మంత్రాలూ మాయలూ అక్కర్లేని జవాబు ఇది.

కెనడాలో కూడా ఇదే కథ. అక్కడ సుమారు 1,50,000 మంది పిల్లలు అలాంటి బడులకు వెళ్లారు. చివరివి 1990ల్లో మూతపడ్డాయి. ఆ బడుల్లో చదివినవారి పిల్లల మీద ఏమీ బాంబే అనే అనిషినాబే ఆదివాసీ పరిశోధకురాలు పనిచేశారు. కుటుంబంలో ఎన్ని తరాలు ఆ బడులకు వెళ్తే మానసిక బాధ అంత ఎక్కువగా కనిపించింది.

1992లో బ్రేవ్ హార్ట్ కొండల్లో ఏం చేశారు?

సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్ అనే కొండలను లకోటాలు హే సాపా అంటారు. వాళ్లకు అది మనకు శ్రీశైలం, తిరుమల లాంటిది అంటే దగ్గరగా ఉంటుందేమో. 1868 ఒప్పందంలో వాళ్లదేనని రాసిచ్చి, 1874లో బంగారం కనపడగానే, 1877లో లాక్కున్న కొండలవి. 1980లో సుప్రీంకోర్టు అది అన్యాయమని ఒప్పుకుని పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేస్తే, కొండలు అమ్మకానికి లేవంటూ తెగలు ఆ డబ్బు ముట్టుకోలేదు. ఇప్పటికీ ముట్టుకోలేదు.

బ్రేవ్ హార్ట్ 45 మంది లకోటా సేవా కార్యకర్తలను, అంటే రోజూ ఇతరుల బాధలు వినే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను, అక్కడికి తీసుకెళ్లారు. నాలుగు రోజులు. మొదట చరిత్రను దాపరికం లేకుండా చూడటం, అది తమ మీద ఎలా పనిచేసిందో అర్థం చేసుకోవడం, ఆ తర్వాత క్రతువుల మధ్య దుఃఖాన్ని బయటికి వదలడం, చివరగా దాన్ని దాటి నిలబడటం. ముందు, తర్వాత, మళ్లీ కొన్ని వారాలకు వాళ్లను ప్రశ్నించారు. దుఃఖం, సిగ్గు, తప్పు చేశామన్న భావం తగ్గాయని, తమవాళ్ల మీద గర్వం పెరిగిందని చెప్పారు.

ఇది చిన్న ప్రయోగం. పోల్చడానికి ఇంకో గుంపు లేదు; నాలుగు రోజులు అయినవాళ్ల మధ్య కొండల్లో గడిపితే ఎవరికైనా మనసు తేలికవుతుంది అనొచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది. తర్వాత చాలా ఏళ్లకు ఆమె బృందం చేసిన ఇవాన్‌కాపియా అనే పరీక్షలో ఈ లోటు కొంత తీరింది. డిప్రెషన్‌కు ఇప్పటికే వాడుకలో ఉన్న ఒక గ్రూప్ చికిత్సను ఒక గుంపుకు విడిగా, ఇంకో గుంపుకు ఆమె పద్ధతితో కలిపి ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ డిప్రెషన్ తగ్గింది. ఆ తగ్గుదలలో పెద్ద తేడా రాలేదు. కానీ ఆమె పద్ధతి కలిపిన చోట జనం గుంపుతో మరింత మమేకమయ్యారు. ఘనవిజయమని చాటుకునే ఫలితమేమీ కాదు. కానీ సగంలో మానేసేవాళ్లే చికిత్సకు పెద్ద తలనొప్పి అని తెలిసినవాళ్లు దీన్ని తీసిపారేయరు.

"తరతరాల గాయం" డాక్టర్లు చీటీ మీద రాసే జబ్బు పేరా?

కాదు. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితాలో ఇది లేదు. దిగులు, కోపం, తనను తాను తక్కువ చేసుకోవడం, మత్తులోకి జారడం, బతికి ఉన్నందుకు తప్పు చేసినట్టు అనిపించడం, ఇవన్నీ ఆమె ఈ గాయానికి వచ్చే స్పందనలుగా చూపారు.

ఇది జీన్స్‌లో వస్తుందా?

యూట్యూబ్‌లో ఈ మాట బాగా తిరుగుతోంది: "తాతల బాధ మీ డీఎన్ఏలో ఉంది" అని. జాగ్రత్త. తీవ్రమైన ఒత్తిడి జీన్స్ పనితీరు మీద గుర్తులు వదలగలదని చూపే పరిశోధనలు ఉన్నాయి. 2016లో నాజీ శిబిరాల బాధితులు, వారి పిల్లల మీద వచ్చిన ఒక అధ్యయనం చాలా పేరు తెచ్చుకుంది. కానీ అందులో ఉన్నవాళ్లు పదుల సంఖ్యలోనే. మనుషుల్లో తరాలు దాటి ఇలా వస్తుందనడానికి గట్టి రుజువు ఇంకా లేదు. పైగా ఈ వాదనలో ఒక ప్రమాదం ఉంది. "వాళ్ల రక్తమే అంత" అన్న పాత మాటే కొత్త సైన్సు చొక్కా తొడుక్కుని వెనక దారిన వచ్చేస్తుంది.

సరే, షుగర్ జబ్బుకు చరిత్రతో ఏం సంబంధం?

దీనికి లకోటాలను వదిలి అరిజోనా వెళ్లాలి. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మన తెలుగువాళ్లు బోలెడుమంది. వాళ్లు ఐ-10 హైవే ఎక్కి టూసాన్ వైపు వెళ్తే ఊరు దాటగానే వచ్చే ఖాళీ నేల గిలా రివర్ ఆదివాసులది. వాళ్లు తమను "అకిమెల్ ఓధమ్" అంటారు, ఏటి మనుషులు అని. బయటివాళ్లు పెట్టిన పేరు పీమా. ఎడారిలో కాలువలు తవ్వి పండించిన గొప్ప రైతులు. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియా పరుగెత్తినవాళ్లకు గోధుమలు అమ్మింది వీళ్లే. తర్వాత ఎగువన కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్లు ఏటి నీళ్లు మళ్లించుకున్నారు. ఎగువ, దిగువ, నీటి వాటా అంటే ఏమిటో కృష్ణా డెల్టా రైతుకు నేను చెప్పాల్సిన పని లేదు. ఏరు ఎండింది, పంట పోయింది, కరువు వచ్చింది. ఆపైన ప్రభుత్వం సరుకులు పంపింది: మైదా, పంది కొవ్వు, చక్కెర. ఆదివాసుల వంటగా ఇప్పుడు అందరూ చెప్పుకునే "ఫ్రై బ్రెడ్", మన బటూరాకు దగ్గరగా ఉండేది, ఆ సరుకుల్లోంచి పుట్టిన తిండే.

1965 నుంచి ప్రభుత్వ పరిశోధకులు ఇక్కడ షుగర్ మీద అధ్యయనం చేశారు. ప్రపంచంలోనే అత్యధికంగా షుగర్ ఉన్న జనాల్లో వీళ్లు ఒకరని తేలింది. కరువుకు అలవాటుపడి, తిండిని ఒంట్లో కొవ్వుగా దాచుకునే "పొదుపు జీన్" వల్లేనని చాలాకాలం అనుకున్నారు. అయితే ఇదే జాతి సరిహద్దు అవతల మెక్సికోలో, మాయ్‌కోబా అనే కొండ ఊళ్లో ఉంది. వాళ్ల నీళ్లు ఎవరూ మళ్లించలేదు, వాళ్లు ఇంకా పొలం పనే చేస్తున్నారు. 2006లో వెలువడిన పోలికలో అమెరికా వైపు పెద్దవాళ్లలో షుగర్ 38 శాతం, మెక్సికో వైపు 6.9 శాతం. రక్తం ఒకటే, నీళ్లే వేరు. గిలా రివర్ జనానికి నీటి హక్కు తిరిగి చట్టంగా దక్కింది 2004లో.

గాయం అనగానే మనసు ఒక్కటే అనుకుంటాం. ఈ లెక్క చూశాక నాకైతే చరిత్ర ముందు పొలంలోకి, తర్వాత పొయ్యి మీదికి, చివరికి ఒంట్లోకి వస్తుందనిపించింది.

తాగుడు ఎక్కువ కదా వాళ్లలో?

కొన్ని చోట్ల తాగుడు వల్ల నష్టం చాలా ఎక్కువ, అది నిజం. కానీ "వాళ్లందరూ తాగుతారు" అన్నది అబద్ధం. 2009–2013 జాతీయ సర్వే వివరాలను అరిజోనా యూనివర్సిటీ పరిశోధకులు చూస్తే, గత నెలలో చుక్క కూడా ముట్టనివాళ్లు ఆదివాసుల్లో దాదాపు 60 శాతం, తెల్లవాళ్లలో 43 శాతం.

బ్రేవ్ హార్ట్ మాటను ఆదివాసీ పండితులందరూ ఒప్పుకున్నారా?

లేదు. గట్టి విమర్శ చేసినవారిలో ముందు చెప్పాల్సింది జోసెఫ్ గోన్ గురించి. మోంటానాలోని ఫోర్ట్ బెల్క్‌నాప్ రిజర్వేషన్‌కు చెందిన గ్రోవాంట్ జాతి మనిషి, హార్వర్డ్‌లో ప్రొఫెసర్. ఆయన అభ్యంతరం ఇలా ఉంటుంది: వలసపాలన చేసిన నష్టాన్ని మానసిక వైద్యం భాషలోకి మార్చేస్తే, భూమి, ఒప్పందాలు, స్వపరిపాలన వెనక్కిపోతాయి, మిగిలేది కౌన్సెలింగ్. చరిత్ర నిండా ఒకే రకం గాయం అన్నట్టు చెబితే ఒక తెగకీ ఇంకో తెగకీ ఉన్న తేడాలు కూడా కనపడవు. 2019లో ఆయన, సహచరులు అమెరికా, కెనడాల్లో వచ్చిన 32 అధ్యయనాలను వరుసగా చూశారు. "చారిత్రక గాయం" అని ఒక్కొక్కరు ఒక్కోదాన్ని కొలుస్తున్నారని, ఫలితాలు ఒకదానికొకటి కలవడం లేదని తేల్చారు.

కొలవడం నిజంగానే కష్టం. 2004లో లెస్ విట్‌బెక్ బృందం 12 నష్టాలతో ఒక ప్రశ్నావళి చేసింది: భూమి పోవడం, భాష పోవడం, పెద్దల మీద గౌరవం పోవడం, ఇలా. ఇవి మీకు ఎంత తరచుగా గుర్తొస్తాయి అని అడుగుతారు. రోజూ గుర్తొస్తాయన్నవాళ్లు కూడా ఉన్నారు, ఎక్కువ గుర్తొచ్చేవాళ్లలో దిగులు, కోపం ఎక్కువగానే ఉన్నాయి. కానీ దిగులుగా ఉన్న మనిషికి పాత నష్టాలు ఎక్కువ గుర్తొస్తాయా, గుర్తొచ్చినందుకు దిగులా? ప్రశ్నావళి ఆ ముడి విప్పలేదు.

నా లెక్కలో దుఃఖం గురించి బ్రేవ్ హార్ట్ చెప్పింది నిలబడుతుంది. అన్ని జబ్బులకూ అదే కారణమనే మాట ఆమె వెనక వచ్చినవాళ్లు సాగదీసింది, అది నిలబడదు. గోన్ విమర్శ లేకపోతే ఈ తేడా నాకూ తెలిసేది కాదు.

మరి ఏ జనం బాగున్నారు? ఎందుకు?

దీనికి మంచి జవాబు కెనడా పశ్చిమ తీరంలో దొరికింది. మైకేల్ చాండ్లర్ (పైన చెప్పిన ఊరికీ ఈయనకీ సంబంధం లేదు), క్రిస్టఫర్ లాలోండ్ అనే ఇద్దరు బ్రిటిష్ కొలంబియాలోని దాదాపు 200 ఆదివాసీ సమాజాల్లో యువత ఆత్మహత్యల లెక్క తీశారు. ఆదివాసీ యువతలో ఆత్మహత్యలు ఎక్కువ అన్నది పత్రికల మాట. కానీ సగానికి పైగా సమాజాల్లో ఐదేళ్లలో ఒక్కటి కూడా లేదు. తేడా ఏమిటని చూస్తే: భూమి కోసం పోరాడుతున్నారా, స్వపరిపాలన ఉందా, బడి, ఆసుపత్రి, పోలీసు-ఫైర్ సేవలు తమ చేతిలో ఉన్నాయా, తమ సంస్కృతికి ఒక చోటు ఉందా. ఈ ఆరూ ఉన్న సమాజాల్లో ఆ ఐదేళ్లలో ఒక్క పిల్లాడు కూడా పోలేదు. 1998లో వచ్చిన ఈ ఫలితం ఇప్పటికీ చర్చలో ఉంది. 2007లో భాష కూడా చూశారు. సగం మందైనా సొంత భాష మాట్లాడగల చోట ఆత్మహత్యలు చాలా తక్కువ.

ఆదివాసులు పరిశోధకులను ఎందుకు నమ్మరు?

గ్రాండ్ కాన్యన్ లోపల ఉండే హవసుపాయ్ తెగవాళ్లు 1990ల్లో షుగర్ పరిశోధన అంటే నమ్మి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లకు రక్తం ఇచ్చారు. ఆ రక్తాన్నే తర్వాత స్కిజోఫ్రీనియా మీద, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారన్న దాని మీద వాడారు. తాము కాన్యన్‌లోనే పుట్టామని నమ్మే మనుషులు వాళ్లు. కోర్టుకు వెళ్లారు. 2010లో యూనివర్సిటీ ఏడు లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తాన్ని తిరిగిచ్చింది. ఇంతకన్నా పాత సంగతి: 1973–76 మధ్య ప్రభుత్వ ఆదివాసీ ఆసుపత్రులు నాలుగు ప్రాంతాల్లోనే 3,406 మంది స్త్రీలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశాయని, అనుమతి పత్రాలు సరిగా లేవని ప్రభుత్వ ఆడిట్ సంస్థే 1976లో చెప్పింది. ఇన్ని జరిగాక నమ్మకపోవడంలో ఆశ్చర్యమేముంది.

ప్రభుత్వాలు క్షమాపణ చెప్పాయా?

బోర్డింగ్ బడుల కోసం కెనడా ప్రధాని 2008 జూన్ 11న చెప్పారు. ఆ బడుల మీద విచారించిన ఆ దేశపు సత్య కమిషన్ 2015లో 94 సిఫారసులు చేసింది. అమెరికా కాంగ్రెస్ వూండెడ్ నీ మీద 1990లో విచారం వ్యక్తం చేసింది, క్షమాపణ అన్న మాట వాడలేదు. బోర్డింగ్ బడుల కోసం అధ్యక్షుడు బైడెన్ 2024 అక్టోబరు 25న క్షమాపణ చెప్పారు. ఆ మాట చెప్పింది గిలా రివర్ నేల మీదే.

మన దగ్గర కూడా ఇలాంటిది ఉందా?

ఉన్నది ఉన్నట్టు అక్కడి సిద్ధాంతాన్ని తెచ్చి ఇక్కడ అతికించకూడదు, చరిత్రలు వేరు. కానీ రెండు చోట్ల నాకు బ్రేవ్ హార్ట్ ప్రశ్న గుర్తొస్తుంది.

ఒకటి ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న భూమి సమస్యల మీద సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది. స్థానికులు ఇంకా చాలామంది అంటారు. అక్కడొక స్తూపం ఉంది. అయితే ఎన్నో ఏళ్ల పాటు ఏప్రిల్ 20 వచ్చిందంటే నిషేధాజ్ఞలు, పోలీసు కాపలా. చనిపోయినవాళ్లకు పూలు పెట్టడానికి కూడా వీలుండేది కాదు.

రెండోది స్టువర్టుపురం. 1871 నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చాక, ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి పెట్టిన సెటిల్‌మెంట్ అది. పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. ఊరి పేరు చెబితే ఎదుటివాళ్ల మొహం మారడం మాత్రం ఇంకా పోలేదు. వాళ్ల ఆరోగ్యం మీద, పెంపకం మీద, దిగులు మీద వాళ్లలోంచే ఎవరైనా పరిశోధన చేస్తే చదవాలని ఉంది.

అమెరికాలో ఉన్న మన డాక్టర్లకు దీంతో ఏం పని?

జే-1 వెయివర్ మీద, అంటే శిక్షణ అయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న వీసా నియమం నుంచి మినహాయింపు మీద, పల్లె ఆసుపత్రులకు వెళ్లిన మనవాళ్లలో కొందరి దగ్గరికి ఆదివాసీ పేషెంట్లు వస్తారు. 2021లో వాళ్ల సగటు ఆయుష్షు సుమారు 65 ఏళ్లకు పడిపోయింది. దేశ సగటు 76. ఎదురుగా కూర్చున్న మనిషిని "ఎంత తాగుతారు?" అని మొదలుపెట్టే ముందు "మీదే తెగ, మీవాళ్లు ఎక్కడివాళ్లు?" అని అడిగితే మాట వేరేగా సాగుతుంది. మనకు కొత్త కాదు కదా, ఎవరైనా కలిస్తే "ఏ ఊరండీ?" అనే కదా మొదలుపెడతాం.

దుఃఖం తీర్చే పని అంతా పరిశోధకులే చేశారా?

లేదు, జనం ముందే మొదలుపెట్టారు. 1986లో కొద్దిమంది లకోటా రౌతులు బిగ్ ఫుట్ జనం నడిచిన దారిలో, డిసెంబరు చలిలో, గుర్రాల మీద వూండెడ్ నీ దాకా వెళ్లారు. ఏటేటా వెళ్లారు. ఊచకోతకు నూరేళ్లు నిండిన 1990లో వందలమంది అయ్యారు. ఆ ఏడాది అక్కడ "కన్నీళ్లు తుడిచే" క్రతువు చేసి, నూరేళ్ల మైల తీర్చుకున్నారు. యాత్ర అక్కడితో ఆగిపోలేదు, పేరు మారింది: ఇప్పుడది రాబోయే తరాల యాత్ర. సిట్టింగ్ బుల్ పోయిన డిసెంబరు 15న బయలుదేరి, రెండు వారాల్లో దాదాపు 300 మైళ్లు దాటుతారు. గుర్రాలెక్కేవాళ్లలో ఎక్కువమంది బడి పిల్లలే.